వేరు కొనలలో కణమరణ నిర్ధారణ: ఇవాన్స్ బ్లూ అభిరంజనంలో లోపాలు – సవరణలు

చౌడు నేలలకు అనువైన వరి వంగడాల ఎంపికలో, లవణ ప్రభావం వల్ల వేరు కొనలలో కణాలు ఏ మేరకు మరణించాయో తెలుసుకోవడానికి ఇవాన్స్ బ్లూ అభిరంజనం సులభమైన పద్ధతి. అయితే నీలిరంగు కనిపించిన ప్రతిచోటా కారణం లవణమేనని భావించరాదు. పట్టకారు చేసిన గాయం కూడా అదే రంగును చూపుతుంది. ఈ తేడాను గుర్తించకపోతే లవణాన్ని తట్టుకోగల వంగడాన్ని పొరపాటున తిరస్కరించే ప్రమాదం ఉంది.

ఇవాన్స్ బ్లూ కణకవచాన్ని దాటగలదు కాని, జీవకణపు త్వచాన్ని దాటలేదు. త్వచం దెబ్బతిన్న కణాలలోకి మాత్రమే ప్రవేశిస్తుంది. కాబట్టి వేర్లను అభిరంజనానికి ముందు స్థిరీకరించరాదు. స్థిరీకరణ వల్ల అన్ని కణాలూ మరణించి నీలిరంగును గ్రహిస్తాయి.

ప్రతి ప్రయోగంలో రెండు ప్రమాణాలు తప్పనిసరి. లవణం తగలని ఆరోగ్యవంతమైన వేరు ఒకటి. వేడినీటిలో ఉంచి చంపిన వేరు మరొకటి. మొదటిది దాదాపు రంగులేకుండా, రెండవది పూర్తిగా నీలంగా ఉండాలి.

ఆరోగ్యవంతమైన వేరు కూడా నీలంగా మారితే ముందుగా వేర్లను సేకరించిన తీరును పరిశీలించాలి. వడపోత కాగితానికి అంటుకున్న వేర్లను లాగినా, గాలికి ఆరనిచ్చినా కణాలు దెబ్బతింటాయి. కాగితాన్ని తడిపి, మొక్కను కాండం వద్ద పట్టుకొని తీయాలి. ఉప్పు ద్రావణం నుండి వేర్లను ఒక్కసారిగా స్వేదన జలంలోకి మార్చినప్పుడు ద్రవాభిసరణ ఒత్తిడిలో కలిగే మార్పు వల్ల కూడా త్వచాలు దెబ్బతినవచ్చు. వేరు మూలకపు అంచు కణాలలోను, పార్శ్వ వేర్లు పొడుచుకువచ్చే చోట, కోసిన అంచుల వద్ద కనిపించే రంగును లెక్కలోకి తీసుకోరాదు.

చంపిన వేరులో సైతం రంగు కనిపించకపోతే లోపం అభిరంజకంలోనే ఉన్నదని గ్రహించాలి. సాధారణంగా 0.25 శాతం జలద్రావణంలో 15 నుండి 30 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. వేరుపై నీలి చుక్కలు కనిపిస్తే అవి కరగని రంగు రేణువులు కావచ్చు. ద్రావణాన్ని వడపోసి వాడాలి. వేరు అంతటా పలుచని నీలి పొర ఉంటే కడగడం చాలలేదని అర్థం. కడిగిన నీటిలో రంగు కనిపించనంత వరకు కడగాలి. అన్ని నమూనాలకూ అభిరంజన సమయం, కడిగే సమయం ఒకే విధంగా ఉండాలి.

సంఖ్యాత్మక అంచనాకు సమాన సంఖ్యలో, సమాన పొడవు గల వేరు కొనలను తీసుకొని, 50 శాతం మిథనాల్‌లో కలిపిన 1 శాతం ఎస్.డి.ఎస్. ద్రావణంతో రంగును వెలికితీసి, 600 నానోమీటర్ల వద్ద శోషణను కొలవాలి. ఫలితాన్ని చంపిన వేరు విలువలో శాతంగా తెలపడం మేలు.

ఈ పరీక్ష కణం మరణించిందని మాత్రమే తెలుపుతుంది, ఎలా మరణించిందో తెలపదు. కనుక కేవలం నీలిరంగు ఆధారంగా ‘క్రమబద్ధ కణమరణం’ అని పరిశోధన గ్రంథంలో రాయడం సరికాదు. ఆరోగ్యవంతమైన వేరు, చంపిన వేరు సరైన ఫలితాన్ని ఇచ్చిన తరువాతనే వంగడాలను పోల్చాలి.