పరుగును కంచులో మలిచిన వైద్యుడు

రాబర్ట్ టెయిట్ మెకెంజీ 1867లో కెనడాలోని ఆల్మాంట్ సమీపంలో పుట్టారు. బాస్కెట్‌బాల్ సృష్టికర్త జేమ్స్ నైస్మిత్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. మెకెంజీ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతూనే జిమ్నాస్టిక్స్‌లో రాణించారు. తర్వాత అక్కడే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆయన చేత మట్టి పట్టించింది ఆ శాస్త్రమే. పరుగెత్తేవాడి ముఖం ఎలా మారుతుందో చూపడానికి నాలుగు ముఖాలు మలిచారు: తీవ్ర ప్రయత్నం, ఆయాసం, అలసట, పూర్తిగా డస్సిపోవడం. ముడిపడ్డ కనుబొమలు, గాలి కోసం తెరుచుకున్న నోరు, బరువెక్కిన రెప్పలు... రోగిని పరీక్షించే కన్ను లేనిదే ఇంత నిశితంగా పట్టుకోవడం సాధ్యం కాదు. 1902 నాటి 'స్ప్రింటర్' శిల్పానికైతే ఎందరో పరుగువీరుల శరీర కొలతలు తీసుకుని, వాటి సగటును ఆధారం చేసుకున్నారు.

1904లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య ఆచార్యుడయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి, గాయపడిన సైనికుల అవయవాలకు వ్యాయామంతో తిరిగి సత్తువ తెప్పించే పని చేపట్టారు. ఆయన జీవితంలో అన్నిటికన్నా విలువైన సేవ బహుశా ఇదే. నేటి ఫిజియోథెరపీకి బాటలు వేసినవారిలో ఆయన ఒకరు.

అప్పట్లో ఒలింపిక్స్‌లో కళలకూ పోటీలుండేవి. 1932 లాస్ ఏంజెలిస్ క్రీడల్లో 'షీల్డ్ ఆఫ్ ది అథ్లెట్స్' అనే శిల్పానికి ఆయన కాంస్య పతకం అందుకున్నారు. 1938లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు.