ఎల్ నినో ఏడాదిలో తుపాన్లు రావా? బాపట్లని అడగండి!

"ఈ ఏడాది ఎల్ నినో అంట, మనకి తుపాన్ల టెన్షన్ లేదు" అనే మాట మీరూ వినే ఉంటారు. అందులో సగం నిజమే. మిగతా సగమే ప్రమాదం.

ముందు బేసిక్స్. పసిఫిక్‌లో భూమధ్యరేఖ దగ్గర గాలులు మామూలుగా తూర్పు నుంచి పడమరకి వీస్తాయి. పైనున్న వేడి నీళ్లని ఇండోనేషియా వైపు నెడతాయి. రెండు నుంచి ఏడేళ్లకోసారి ఈ గాలులు నీరసపడతాయి. అప్పుడు వేడి నీళ్లు దక్షిణ అమెరికా వైపు జరుగుతాయి. అదే ఎల్ నినో. గాలులు మామూలు కంటే గట్టిగా వీస్తే లా నినా.

మరి దానికీ మన బంగాళాఖాతానికీ ఏంటి సంబంధం? తుపానుకి ముఖ్యంగా రెండు కావాలి. ఒకటి, దాదాపు 26.5 డిగ్రీలు దాటిన సముద్రం. అది ఇంధనం. రెండోది, తేమతో నిండిన, అనుకూలమైన గాలి. తుపాను నిటారుగా నిలబడ్డ పొగ గొట్టం లాంటిది. కింద గాలి ఒకవైపు, పైన గాలి ఇంకోవైపు గట్టిగా తోస్తే ఒరిగిపోతుంది.

అక్టోబర్, నవంబర్‌లలో బంగాళాఖాతంలో ఇంధనానికి పెద్దగా కొరత ఉండదు. తేడా అంతా గాలిలోనే. ఎల్ నినో వస్తే పసిఫిక్‌లో మేఘాలు వేడి నీళ్ల వెంటే తూర్పుకి వెళ్తాయి, మన వైపు పరిస్థితులు అంత కలిసిరావు. లా నినాలో దీనికి రివర్స్. అందుకే సగటున లా నినా ఏళ్లలో అక్టోబర్-డిసెంబర్ మధ్య ఇక్కడ బలమైన తుపాన్లు ఎక్కువ. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ అలాంటి ఏడాదిలోనే వచ్చింది.

కానీ 2023 చూడండి. గట్టి ఎల్ నినో. అయినా మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచేసి, డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. ఒక్క రాత్రిలో వేల ప్రాణాలు పోయాయి. అప్పుడు కూడా పసిఫిక్‌లో ఎల్ నినోనే, కాకపోతే బలహీనమైనది.

ఎలా? ఎల్ నినో చెప్పేది సీజన్ మొత్తం సగటు. తుపానుకి మాత్రం ఒక్క వారం గాలి కలిసొస్తే చాలు. మన ఊరికి ఒక్క తుపాను చాలు.

సో ఫ్రెండ్స్, ఎల్ నినో వార్త చూసి రిలాక్స్ అవ్వకండి. తీరంలో మీవాళ్లెవరైనా ఉంటే, వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ముందు వాళ్లకి ఫోన్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.