మోషన్స్ అనగానే యాంటీబయాటిక్కేనా? ఒక్క నిమిషం ఆగండి!

పోయిన నెల మా అక్క కొడుక్కి మోషన్స్ పట్టుకున్నాయి. వాడికి ఏడాదిన్నర. అక్క మెడికల్ షాపుకెళ్లి "బాబుకి మోషన్స్" అంది. అంతే, డాక్టర్ చీటీ లేదు, ఒక్క ప్రశ్న లేదు, యాంటీబయాటిక్ సిరప్ చేతిలో పెట్టేశారు. మూడో రోజుకి తగ్గింది. "మందు భలే పనిచేసిందిరా" అని నాకు ఫోన్. నిజంగా మందే పనిచేసిందా?

చిన్నపిల్లల నీళ్ల విరేచనాలు చాలావరకు వైరస్‌ల వల్ల వస్తాయి, ముఖ్యంగా రోటావైరస్. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాని, వైరస్‌ని అదేమీ చేయలేదు. ఎక్కువసార్లు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. క్రెడిట్ మాత్రం సిరప్ కొట్టేస్తుంది.

"సరే, వేస్తే పోయేదేముంది?" అంటారా? ఉంది. మన పేగుల్లో మామూలుగానే కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి. మందు పడగానే లొంగేవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. పైగా వాటిలో ప్లాస్మిడ్ అని చిన్న డీఎన్ఏ రింగు ఉంటుంది. మందుని ఎలా తట్టుకోవాలనే కోడ్ అందులో ఉండొచ్చు. దాన్ని ఒక బ్యాక్టీరియా ఇంకో జాతి బ్యాక్టీరియాకి కూడా పంపగలదు. మన భాషలో ఫైల్ షేరింగ్ అన్నమాట! 1950ల్లో జపాన్‌లో షిగెల్లా అనే బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు రకాల మందులకి లొంగలేదు. ఎందుకా అని చూస్తే, పేగుల్లో ఉండే ఈ-కోలై నుంచి దానికి ఆ శక్తి వెళ్లగలదని 1959లో తేలింది.

రక్త విరేచనాలు ఎక్కువగా తెచ్చేది ఈ షిగెల్లానే. దానికి మాత్రం యాంటీబయాటిక్ నిజంగా కావాలి. కానీ దక్షిణాసియాలో చాలాచోట్ల సిప్రోఫ్లాక్సాసిన్ దానిమీద పనిచేయట్లేదు. అలాంటి షిగెల్లాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ప్రమాదకర బ్యాక్టీరియా జాబితాలో పెట్టింది. అంటే అవసరం లేనప్పుడు వాడేసి, అవసరమైన రోజుకి మందు లేకుండా చేసుకుంటున్నాం.

మరి ఏం చేయాలి? విరేచనాల్లో పిల్లల ప్రాణం తీసేది ఎక్కువగా ఒంట్లో నీరు, ఉప్పు పోవడమే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకి పడిపోయాయి. అదే మన ఓఆర్ఎస్.

ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపండి, కొంచెం కొంచెంగా తాగించండి. తల్లిపాలు, తిండి ఆపొద్దు. జింక్ డాక్టర్ చెప్పినన్ని రోజులు ఇవ్వండి. రక్తం పడినా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, పిల్లలు తాగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ కావాలో వద్దో అక్కడ డాక్టర్ చెప్తారు. రోటావైరస్ టీకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం, అది మిస్ చేయకండి.

అన్నట్టు, మిగిలిన సిరప్‌ని అక్క "మళ్లీ వస్తే వేద్దాంలే" అని ఫ్రిజ్‌లో దాచింది. నేనే తీయించేశా. మీ ఇంట్లో కూడా ఫ్రిజ్ డోర్ ఒకసారి చూడండి. చిన్నపిల్లలున్న వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, బై!