అంగారకుడి చీమ

బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర, అమెజాన్ అడవిలో రాలిన ఆకుల మధ్య 2003లో పరిశోధకుడు క్రిస్టియన్ రాబెలింగ్‌కు ఒకే ఒక్క కూలిచీమ దొరికింది. పొడవు 3 మిల్లీమీటర్లకు మించదు. ఒళ్లు పాలిపోయిన రంగు, కళ్లు లేవు, దవడలు మాత్రం పట్టకారులా సన్నగా, పొడవుగా ఉన్నాయి. తెలిసిన ఏ చీమతోనూ పోలిక కుదరలేదు.

చీమల వర్గీకరణ దవడలు, మీసాలు, నడుము కణుపుల ఆకారంతో మొదలవుతుంది. ఇక్కడ అది చాల్లేదు. ఉన్నది ఒక్క నమూనా, దాన్ని నలగ్గొట్టే వీల్లేదు. అందుకే ఒక ముందు కాలు మాత్రం తీసి డీఎన్‌ఏ పరీక్షించారు. చీమల వంశవృక్షంలో చాలా తొలినాళ్లలోనే విడిపోయిన కొమ్మ ఇదని తేలింది. ఎంత ఓపికైన పని!

2008లో దీనికి ‘మార్షియాలిస్ హ్యురేకా’ అని పేరు పెట్టారు. మొదటి మాటకు అంగారకుడికి చెందినదని అర్థం. రెండోది ‘దొరికింది’ అనే గ్రీకు మాట. కొత్త జాతి, కొత్త ప్రజాతి అంటే సరిపోదు, దీనికోసం ‘మార్షియాలినే’ అనే ఉపకుటుంబాన్నే ఏర్పరచాల్సి వచ్చింది. బతికున్న చీమల్లో అలా కొత్త ఉపకుటుంబం బయటపడటం 1923 తర్వాత అదే మొదటిసారి.

గుడ్డిదైన ఈ చీమ మట్టిలోనే బతుకుతుందని, ఆ దవడలతో మెత్తటి పురుగులను పట్టుకుంటుందని శాస్త్రజ్ఞుల అంచనా.