బ్యాంకుకు సెలవు, కుట్టుమిషన్లకు పని

2013 ఏప్రిల్ 23న ఢాకా శివార్లలోని సావర్‌లో, రానా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం పగుళ్లిచ్చింది. టీవీవాళ్లు వచ్చి ఆ పగుళ్లను చూపించారు. కింద ఉన్న బ్యాంకు తన సిబ్బందిని రావద్దంది. దుకాణాలు మూతపడ్డాయి. పైనున్న దుస్తుల కర్మాగారాల వాళ్లను మాత్రం మర్నాడు పొద్దున్నే పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం ఆపేస్తామన్నారు. 24వ తేదీ ఉదయం తొమ్మిది కావస్తుండగా కరెంటు పోయింది. పై అంతస్తుల్లో జనరేటర్లు మొదలయ్యాయి. భవనం కుప్పకూలింది. చనిపోయినవాళ్లు 1,100 మందికి పైనే. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు.

దేశదేశాల బిజినెస్ స్కూళ్లలో ఎథిక్స్ తరగతికి ఇప్పుడిదొక పాఠం. అందరూ చూసింది ఒకే పగులు. బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఉండిపోగలిగాడు, కుట్టుపని అమ్మాయి ఉండలేకపోయింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే ఆ చదువని నా నమ్మకం.

వెతుక్కుంటూ పోతే సముద్రాలు దాటాలి. యూరప్‌లోనో అమెరికాలోనో ఒక బ్రాండు రేటు తగ్గించమంటుంది, ఫలానా తేదీకి సరుకు ఓడ ఎక్కాలంటుంది. ఆలస్యమైతే విమానంలో పంపే ఖర్చు కర్మాగారం యజమాని నెత్తిన పడుతుంది. ఆయన ఆ బరువును సూపర్‌వైజర్ మీదికి, సూపర్‌వైజర్ మిషన్ ముందు కూర్చున్న పిల్ల మీదికి దించుతారు. అప్పట్లో బంగ్లాదేశ్ దుస్తుల కార్మికుల కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. నెలాఖరున ఆ డబ్బు పోగొట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది?

తనిఖీలు జరగలేదా అంటే, జరిగాయి. బ్రాండ్ల తరఫున వచ్చినవాళ్లు ఆ భవనంలోని కొన్ని కర్మాగారాలను చూసి వెళ్లారు. దుకాణాల కోసం కట్టిన భవనం మీద అనుమతి లేకుండా అంతస్తులు లేపారన్న సంగతి వాళ్ల రిపోర్టులకెక్కలేదు. కట్టడం గట్టిదనాన్ని చూడటం ఆ తనిఖీల పరిధిలోకి రాదని తర్వాత సమాధానం వచ్చింది.

ఆ శిథిలాల్లో కార్మిక సంఘాలవాళ్లు లేబుళ్లు ఏరారు. చొక్కా మెడ వెనక కుట్టే, వేలెడంత గుడ్డముక్కలు. అక్కడ మేం కుట్టించలేదని మొదట చెప్పిన కంపెనీ, తన లేబుల్ దుమ్ములో దొరికాక మాట మార్చుకుంది. ఎన్నో రిపోర్టులు బయటపెట్టని నిజాన్ని ఆ గుడ్డముక్క చెప్పింది.

మన దగ్గర కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) అనగానే ఊళ్లో ఆర్వో ప్లాంటు, బడిలో బెంచీలు, వాటి మీద కంపెనీ పేరు గుర్తొస్తాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు చేయాలి. మంచిదే, ఊళ్లకు నీళ్లొచ్చాయి. కానీ సొంత ఉద్యోగుల మేలు కోసమే పెట్టే ఖర్చు ఆ లెక్కలోకి రాదు. లాభం చేతికొచ్చాక మొదలయ్యే లెక్క అది; ఆ లాభం పుట్టే చోట ఏం జరుగుతోందో అడగదు. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అచ్యుతాపురం సెజ్‌లో దుస్తుల యూనిట్ల మహిళలు విషవాయువు పీల్చి వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. మన ఎంబీఏ విద్యార్థులకు సావర్ పక్కన ఈ ఊరి పేరూ రాసి పాఠం చెప్పాలి.

బంగ్లాదేశ్‌లో మార్పు వచ్చింది ఒక ఒప్పందంతో. 2013 మేలో కుదిరిన ‘అకార్డ్’ మీద బ్రాండ్లతో పాటు కార్మిక సంఘాలూ సంతకం పెట్టాయి. చేరిన కంపెనీలు 200 దాటాయి. వాల్‌మార్ట్, గ్యాప్ చేరకుండా వేరే కూటమి పెట్టుకున్నాయి. అకార్డ్ కింద ఇంజనీర్లు స్తంభాలనూ మెట్లనూ పరీక్షించారు, రిపోర్టులు అందరికీ కనిపించేలా పెట్టారు. మాట తప్పిన బ్రాండ్ల మీద సంఘాలు హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లాయి. 2018లో ఒక బ్రాండు 23 లక్షల డాలర్లకు రాజీపడింది.

ఆ ఒప్పందంలో ఇంకో క్లాజు ఉంది. భవనం ప్రమాదకరంగా ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే కార్మికురాలు లోపలికి వెళ్లనని చెప్పొచ్చు. ఆమె జీతం కోయకూడదు. 2013 ఏప్రిల్ 24 ఉదయం రానా ప్లాజా గుమ్మం ముందు నిలబడినవాళ్ల దగ్గర ఆ కాగితం లేదు.