మీ బిడ్డ వయసుకు తగినట్టు ఎదుగుతున్నాడా?

మన పల్లెల్లో బిడ్డ ఆరోగ్యాన్ని కంటితోనే కొలుస్తారు. బుగ్గలు నిండుగా ఉంటే ‘ముద్దొస్తున్నాడు’ అంటారు. పక్కటెముకలు కనిపిస్తే ‘తల్లి పెట్టడం లేదేమో’ అని ఇరుగుపొరుగు గుసగుసలాడుతారు. కుటుంబ దర్శనానికి వెళ్లిన సేవకుని ముందు బిడ్డను నిలబెట్టి ‘అయ్యగారూ, వీడు ఒళ్లు చేయడం లేదు, ప్రార్థన చేయండి’ అనే తల్లులు ఎందరో. ప్రార్థన చేయవలసిందే. అయితే ఆ బిడ్డ ఎత్తెంత, బరువెంత, గత సంవత్సరం ఎంత అని అడిగితే చాలా ఇళ్లలో జవాబు ఉండదు. పొలంలో ఎన్ని బస్తాలు పండాయో, గేదె ఎన్ని లీటర్లు ఇస్తుందో మాత్రం తడుముకోకుండా చెబుతారు!

కంటి కొలత మోసం చేస్తుంది. అందుకే వైద్యులు బాడీ మాస్ ఇండెక్స్, అంటే బి.ఎం.ఐ. అనే లెక్క వాడుతున్నారు. బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో రాసి, ఆ ఎత్తును అదే ఎత్తుతో గుణించి, వచ్చిన దానితో బరువును భాగించాలి. ఈ లెక్కకు మూలపురుషుడు వైద్యుడు కాడు. 1830ల నాటి బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ క్వెట్‌లే. బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు 1972లో అమెరికాకు చెందిన ఆన్సెల్ కీస్, ఆయన తోటి పరిశోధకులు పెట్టినది.

పెద్దవారికి 18.5 కంటే తక్కువైతే బరువు చాలదని, 25 దాటితే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన భారతీయులకు మాత్రం 23 నుండే జాగ్రత్త పడాలని మన వైద్యులు అంటారు. దీనికి కారణం ఉంది. 2004లో పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లాండు వైద్యుడు జాన్ యడ్‌కిన్ తమను తామే పోల్చి చూసుకున్నారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒక్కటే, 22.3. ఒంట్లోని కొవ్వు మాత్రం ఆంగ్లేయునిలో 9.1 శాతం, మనవానిలో 21.2 శాతం! సన్నగా కనిపించే మన ఒంటిలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అన్నమాట.

ఇక బిడ్డల సంగతి. ఇక్కడే చాలామంది, చదువుకున్నవారు కూడా, తప్పటడుగు వేస్తారు. పెద్దవారి అంకెలు పిల్లలకు పనికిరావు. పుట్టిన మొదటి సంవత్సరంలో బిడ్డ బొద్దుగా తయారవుతాడు. నడక వచ్చాక క్రమంగా సన్నబడి, అయిదారేళ్లకు బాగా పలచగా కనిపిస్తాడు. అక్కడినుండి యవ్వనం వరకు బి.ఎం.ఐ. మెల్లమెల్లగా పెరుగుతుంది. ఈ సన్నబడే వయసులోనే తల్లులు కంగారుపడి టానిక్కుల కోసం పరుగెత్తుతారు. అది సహజమైన మలుపు.

ఒక లెక్క చూద్దాం. అయిదున్నరేళ్ల అబ్బాయి 1.10 మీటర్ల ఎత్తు, 22 కిలోల బరువు. అతని బి.ఎం.ఐ. 18 దాటింది. పదిహేనేళ్ల అబ్బాయి 1.60 మీటర్లు, 46 కిలోలు. అతనిదీ ఇంచుమించు 18. అంకె ఒక్కటే అయినా చిన్నవాడు ఆ వయసుకు అధిక బరువులో ఉన్నాడు, పెద్దవాడు సరిగానే ఉన్నాడు. అదే 18 ముప్పయ్యేళ్ల మనిషికి వస్తే బరువు చాలదంటారు. అందుకే పిల్లల బి.ఎం.ఐ.ని వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాన్ని బట్టి పటంలో గుర్తించి చూడాలి. అయిదేళ్ల లోపు బిడ్డలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పటాలు ఉన్నాయి. వాటికోసం కొలిచిన బిడ్డలలో మన ఢిల్లీ బిడ్డలు కూడా ఉన్నారు. అయిదు నుండి పద్దెనిమిదేళ్ల వారికి భారత శిశువైద్యుల సంఘం 2015లో మన పిల్లల కొలతలతోనే పటాలు తయారుచేసింది.

అయితే బి.ఎం.ఐ. ఒక్కటే చూసుకుని తృప్తిపడితే మరో గుంటలో పడతాం. పదేళ్ల పాప ఎత్తు 1.24 మీటర్లు, బరువు 25 కిలోలు అనుకోండి. లెక్క 16.3 వస్తుంది, ఆ వయసుకు చక్కని అంకె. కాని పదేళ్ల ఆడపిల్ల సగటున 1.38 మీటర్ల దాకా ఉండాలి. ఈ పాప గిడసబారింది. చాలాకాలంగా చాలీచాలని తిండి, మాటిమాటికీ విరేచనాలు, జ్వరాలు ఎత్తును తినివేశాయి. ఎత్తూ బరువూ రెండూ తగ్గితే భాగహారంలో తేడా తెలియదు! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు బిడ్డలలో ఇలా గిడసబారినవారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంటే ముగ్గురిలో ఒకరు. వీరిలో చాలామంది చూసేవారికి బక్కగా కనిపించరు, ‘వయసు తక్కువేమో’ అనిపిస్తారు, అంతే. గర్భంలోనూ, మొదటి రెండేళ్లలోనూ జరిగిన ఈ నష్టాన్ని తరువాత పూర్తిగా పూడ్చడం కష్టం. కాబట్టి కడుపుతో ఉన్న కోడలి పళ్లెంలో గుడ్డు ఉందా అని అత్తగారు చూడడం మనవడి ఎత్తును గురించి ఆలోచించడమే.

యవ్వనంలో ఎదుగుదల

నాలుగేళ్లు దాటిన బిడ్డ సంవత్సరానికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతాడు. యవ్వనంలో ఒక్కసారిగా సాగుతారు. ఆడపిల్లలకు ఆ వేగం 12 ఏళ్ల దగ్గర, మగపిల్లలకు 14 దగ్గర ఎక్కువ. ఏడవ తరగతిలో అక్కకంటే పొట్టిగా ఉన్నాడని తమ్ముణ్ణి ఏడిపించేవారికి ఈ రెండేళ్ల తేడా తెలియదు. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక పెరిగే ఎత్తు తక్కువ, మామూలుగా 5 నుండి 7 సెంటీమీటర్లు. కాబట్టి ఆమెకు బలమైన ఆహారం అవసరమయ్యే కాలం దానికి ముందే మొదలవుతుంది. మన ఊళ్లలో పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి, కొబ్బరి పెట్టడం మంచి ఆచారమే. తంటా ఏమిటంటే అది కొద్దిరోజుల ముచ్చటగా ముగిసి, మళ్లీ అందరూ తిన్నాక మిగిలింది తినడం మొదలవుతుంది. ఆ వయసులో తొడలు, నడుము కాస్త నిండుగా కావడం సహజం. ‘లావైపోతున్నావు’ అన్న ఒక్క మాటకు ఉదయం తిండి మానేసి బడికి వెళ్లే ఆడపిల్లలు ఉన్నారు. అదే సర్వేలో మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లలలో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వారి పళ్లెంలో అన్నం తగ్గించమని ఏ తల్లీ చెప్పకూడదు.

నిజంగానే బరువు ఎక్కువైన పిల్లలను కూడా పస్తు పెట్టకూడదు. ఎదుగుతున్న పిల్లవాడి బరువు అక్కడే నిలిస్తే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ లెక్క తానే సర్దుకుంటుంది. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ చిరుతిండ్లు మాని, ఫోను పక్కనపెట్టి, సాయంత్రం గంటసేపు ఆడితే అదే మందు. రాగిజావ, పప్పు, తోటకూర, మునగాకు, గుడ్డు, చిన్నచేపలు, వేరుశనగ ఉండలు ఇంట్లో అందరికీ ఒకే తీరున పెట్టండి, మగపిల్లవాడికి ఎక్కువ, ఆడపిల్లకు తక్కువ కాకుండా. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి, ఆహారంలోని ఇనుము ఒంటబట్టదు. ఎత్తు పెంచుతామని అమ్మే డబ్బాల పొడులకు డబ్బు పోయకండి. అటువంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ అనే శీర్షిక కింద పెట్టవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ వ్యాపారులకు చెప్పవలసి వచ్చింది.

‘బండోడా’, ‘కట్టెపుల్లా’ అనే పిలుపులు ఇంట్లోగాని సండే స్కూలులోగాని వినబడనివ్వకండి. సరదాకి అన్నామంటారు. ఆ సరదా పిల్లవాడికి ఉండదు.

కొలవడం ఎలా?

మూడు నెలలకొకసారి చాలు. చెప్పులు తీసి, ఆడపిల్లయితే కొప్పు విప్పి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనేటట్టు నిలబెట్టండి. తలమీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి గోడమీద గీత గీయండి, పక్కనే తేదీ రాయండి. బరువు ఎప్పుడూ ఒకే కాటామీద చూడాలి. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, ఆ పని అంగన్‌వాడీ కార్యకర్త చేస్తుంది. మీకిచ్చిన మాతా శిశు సంరక్షణ కార్డులో ఎదుగుదల పటం ఉంది. దానిని ట్రంకుపెట్టెలో దాచకుండా నెలనెలా చుక్క పెట్టించండి. ఒక చుక్కతో ఏమీ తెలియదు, చుక్కలను కలిపిన గీత ఎటు పోతుందో చూడాలి. సన్నగానే ఉన్నా గీత తన దారిన పైకి పోతున్న బిడ్డ గురించి బెంగ అక్కరలేదు. ఎత్తు సంవత్సరానికి 4 సెంటీమీటర్లయినా పెరగకపోయినా, గీత పడిపోతున్నా, ఒక్కసారిగా పైకి ఎగబాకినా ఆసుపత్రిలో చూపించండి.

బరువైన పిల్లవాడి మెడచుట్టూ నల్లని మందపు చారలు కనబడితే మురికి అనుకుని శనగపిండితో రుద్దుతుంటారు. అది రుద్దితే పోదు, ముందుముందు షుగరు రావచ్చని శరీరం చూపే గుర్తు. రెండు వారాలకు మించిన దగ్గు, తగ్గిపోతున్న బరువు ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. బాగా తింటూనే చిక్కిపోతూ, విపరీతమైన దాహంతో, పక్క తడపడం మానేసినవాడు మళ్లీ రాత్రిళ్లు పక్క తడుపుతుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు. చిన్నపిల్లలకు వచ్చే షుగరు వ్యాధి అలాగే మొదలవుతుంది. ఆయాసం, వాంతులు కూడా తోడైతే ప్రాణం మీదికి వస్తుంది. వేలినుండి ఒక్క రక్తపు బొట్టు తీస్తే నిమిషంలో తెలిసిపోతుంది, ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చేస్తారు.