ఆలుగడ్డ పైరుకు కాల్షియము – నల్లి, పేనుబంకల తాకిడి

ఆలుగడ్డ ఆకుల అడుగుభాగము రాగిరంగు తిరిగి, చిగుళ్లు గిడసబారినచో అది నల్లి పని యని రైతులు అనుమానింపవలెను. మిరపకు క్రింది ముడత తెచ్చు తెల్లనల్లియే ఇది. భూతద్దము లేనిదే కంటికి ఆనదు.

నల్లియు, పేనుబంకయు ఆకును కొరికి తినవు. గుచ్చి రసము పీల్చును. మొక్కలోని కణములు గోడలో ఇటుకల వంటివి. వాని నడుమ అతుకును గట్టిపరచునది కాల్షియము. అది చాలినంత ఉన్న ఆకులో చీడల ముక్కు అంత సులభముగా దిగదు. యూరియా మితిమీరి వేసిన చేనిలో ఆకు మెత్తబడి పేనుబంక త్వరగా హెచ్చును. ఆ చేనికి కాల్షియము వేసియు ప్రయోజనము స్వల్పమే.

కాల్షియము పురుగుమందు కాదు. పట్టిన నల్లిని అది చంపదు. అందులకు నీటిలో కలియు గంధకమును లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున ఆకుల అడుగు తడియునట్లు చల్లవలెను.

కొందరు కాల్షియము కొరకు సున్నము చల్లుదురు. ఆలుగడ్డకు ఇది తగదు. సున్నము నేల పులుపును విరుచును. అట్టి నేలలో గడ్డలకు గజ్జి తెగులు హెచ్చును, గజ్జి గడ్డకు బజారులో ధర పలుకదు. జిప్సము పులుపును అంతగా మార్చదు. దానిలో నూటికి సుమారు 20 పాళ్లు కాల్షియము ఉండును. గడ్డ ఊరక ముందే, మన్ను ఎగద్రోయునప్పుడు మొదళ్ల వద్ద వేయవలెను. ఆకుపై చల్లిన కాల్షియము గడ్డకు దిగిరాదు. గడ్డ తన చెంతనున్న సన్నని వేళ్ల ద్వారానే దానిని గైకొనును.

పులుపుగల ఎర్ర ఇసుకనేలలలోనే ఈ లోపము తరచు కనిపించును. సున్నపురాళ్లున్న నల్లరేగడి రైతులు కాల్షియము కొరకు జిప్సము కొనవలసిన పని లేదు.